హెర్నియా ఉందని తెలిశాక: ఆపరేషన్ ఇప్పుడా, తర్వాతా, అసలు అవసరమా?

హెర్నియా అంటే పొట్ట గోడలో బలహీనపడ్డ చోట సందు ఏర్పడి, లోపలి కొవ్వో పేగో అందులోంచి బయటికి తోసుకురావడం. అది రెండు దారుల్లో బయటపడుతుంది. ఒకటి, గజ్జల్లోనో బొడ్డు దగ్గరో ఉబ్బు కనిపిస్తుంది. పడుకుంటే లోపలికి పోతుంది, లేచి నిలబడితే మళ్ళీ వస్తుంది, చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్ళక తప్పదు. రెండోది, గాల్‌బ్లాడర్‌లో రాళ్ళున్నాయేమోనని స్కాన్ తీయించుకుంటే రిపోర్టు చివర్లో ఒక లైనుగా ఉంటుంది. మొదటివాళ్ళకి ఇబ్బంది ముందు వచ్చి పేరు తర్వాత తెలుస్తుంది. రెండోవాళ్ళకి ఇబ్బంది ఉందో లేదో తెలియకముందే పేరు తెలుస్తుంది, టెన్షన్ ఆ రోజు నుంచే మొదలవుతుంది.

ఆపరేషన్ గురించి ఆలోచించే ముందు మీరు ఏ దారిలో వచ్చారో చూసుకోండి. ఉబ్బు వల్ల ఆగిపోయిన పనులు ఆపరేషన్‌తో మళ్ళీ మొదలవుతాయి. భయం వల్ల ఆగిపోయిన పనులకి చాలాసార్లు ఒక మంచి డాక్టర్ పది నిమిషాలు కూర్చుని చెప్పే సమాధానం చాలు. ఈ రెండూ కలిసిపోయినప్పుడే జనం తప్పు సమయంలో ఆపరేషన్‌కి వెళ్తారు, లేదా వెళ్ళాల్సిన సమయంలో ఆగిపోతారు.

మా ఇంట్లో ఈ రెండు రకాలూ చూశాను. ఉప్పల్లో మా బాబాయ్ కిరాణా షాపు నడుపుతారు. కుడి గజ్జలో ఉబ్బు చాలా ఏళ్ళుగా ఉంది, ఎవరికీ చెప్పలేదు. బియ్యం బస్తా ఎత్తే ముందు అరచేత్తో ఆ ఉబ్బుని లోపలికి నొక్కి, ఎడమ చెయ్యి అక్కడే ఉంచి, ఒక్క చేత్తో బస్తాని మోకాలి మీదికి లాక్కునేవారు. అడిగితే "నాకేం ఇబ్బంది లేదు" అనేవారు. పిన్ని ఒకరోజు వరుసగా అడిగింది: పెళ్ళిళ్ళలో బంతి భోజనానికి కింద ఎందుకు కూర్చోవట్లేదు, బండి మీద యాదగిరిగుట్టకి వెళ్ళడం ఎందుకు మానేశావు, షాపులో కుర్రాడిని ఎందుకు పెట్టుకున్నావు అని. ఆయన దగ్గర జవాబు లేదు. ఇబ్బంది లేకపోవడం కాదు, ఇబ్బంది కలిగించే పనులన్నీ ఒక్కొక్కటిగా వదిలేశారు.

కూకట్‌పల్లిలో ఉండే మా అక్కది దీనికి తలకిందులు. గ్యాస్ సమస్యకి అల్ట్రాసౌండ్ తీస్తే, బొడ్డు దగ్గర 8 మిల్లీమీటర్ల సందు, అందులో కొవ్వు అని రాశారు. ఆ ముందు రోజు వరకూ ఆమె యోగా చేసింది, మూడేళ్ళ కొడుకుని ఎత్తుకుని మూడో అంతస్తు ఎక్కింది. రిపోర్టు వచ్చిన సాయంత్రం నుంచి వాడిని ఎత్తుకోవడం మానేసింది. తుమ్ము వస్తే రెండు చేతులతో పొట్ట పట్టుకునేది. రాత్రిళ్ళు ఫోన్‌లో నల్లబడ్డ పేగుల ఫొటోలు చూసేది. ఆ తర్వాత వెళ్ళిన సర్జన్ ఆమెని పడుకోబెట్టి, బొడ్డు మీద వేలు పెట్టి, "దగ్గమ్మా" అన్నారు. నిలబెట్టి మళ్ళీ చూశారు. సందులో ఉన్నది కొవ్వే, పేగు కాదు, నొప్పి లేదు కాబట్టి ఆరు నెలలయ్యాక చూద్దాం, బాబుని ఎత్తుకోవచ్చు అని చెప్పారు. అక్కకి కావలసిన వైద్యంలో సగం ఆ చివరి మాటే.

రెండు వరుసలు రాసుకోండి

ఒక కాగితం మీద ఎడమవైపు, హెర్నియా అని తెలియకముందే మీరు మానేసినవి రాయండి. కుడివైపు, తెలిశాక మానేసినవి. 20 లీటర్ల నీళ్ళ క్యాన్ ఎత్తి డిస్పెన్సర్ మీద పెట్టడం, ఇండియన్ టాయిలెట్‌లో కూర్చోవడం, గుంతల రోడ్డు మీద బండి నడపడం, మెట్రో స్టేషన్ మెట్లు, భార్యాభర్తల మధ్య దగ్గరితనం, చీర కుచ్చిళ్ళు బొడ్డు మీద దోపుకోవడం, నలుగురిలో టీ షర్టు వేసుకోవడం. ఏదీ చిన్నదని వదిలేయకండి.

ఎడమ వరుస పెద్దదైతే, మీ హెర్నియా మీ బతుకుని నిజంగానే కుదిస్తోంది. అప్పుడు ఆపరేషన్ వైపు ఆలోచించాలి. కుడి వరుస మాత్రమే నిండితే, ముందు ఆ భయాలన్నీ డాక్టర్ ముందు పెట్టి ఒక్కొక్కదానికీ సమాధానం తీసుకోండి. "ఇది ఎత్తవచ్చా, అది చేయవచ్చా" అని పేరుపేరునా అడగండి. "బరువులు ఎత్తకండి" అని గాల్లో చెప్పే సలహా మనుషుల్ని మంచానికి కట్టేస్తుంది. ఎన్ని కిలోలు, ఎన్నాళ్ళు అని అడిగితేనే అది పనికొచ్చే సలహా అవుతుంది.

ఇది నా సొంత తెలివి కాదు. పొట్ట గోడ హెర్నియాలకి డాక్టర్లు వాడే ప్రశ్నల పట్టికలు ఉన్నాయి. వాటిలో హెర్‌క్యూలెస్ అనే దానిలో 12 ప్రశ్నలుంటాయి. నొప్పి ఒక్కటే అడిగి ఊరుకోరు. మెట్లెక్కడం, బట్టలేసుకోవడం, ఇంటి పని, ఆఫీసు పని, లైంగిక జీవితం, ఇంట్లోనే ఉండిపోవడం, మనసు దిగులుగా ఉండటం అన్నీ అందులో ఉంటాయి. దిగులుని కూడా లెక్కలోకి తీసుకోవడం నాకు చాలా సబబుగా అనిపిస్తుంది. మన ఓపీల్లో మాత్రం దాని గురించి ఎవరూ అడగరు. అందుకే మీరే చెప్పాలి.

ఆగడమా, చేయించుకోవడమా

ఇక్కడ అన్ని హెర్నియాలనీ ఒకే గాటన కట్టకూడదు.

మగవాళ్ళకి గజ్జల్లో వచ్చి, నొప్పి లేకుండా లేదా చాలా తక్కువ నొప్పితో ఉండి, చేత్తో నొక్కితే లోపలికి పోయే హెర్నియా అయితే ఆగి చూడటం నిజమైన ఎంపికే. అమెరికాలో ఇలాంటి 720 మంది మగవాళ్ళలో సుమారు సగం మందికి ఆపరేషన్ చేసి, మిగతావాళ్ళని గమనిస్తూ వచ్చిన పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి. ఆగినవాళ్ళలో పేగు ఇరుక్కుని ఎమర్జెన్సీ అయింది ఏడాదికి వెయ్యి మందిలో ఇద్దరి లోపే. అంటే "ఎప్పుడు పేలుతుందో" అన్న భయంతో రాత్రిళ్ళు మేలుకోవలసిన పని లేదు.

అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా తేలింది. ఆగినవాళ్ళలో దాదాపు నాలుగో వంతు మంది రెండేళ్ళలోనే ఆపరేషన్‌కి వచ్చారు. పదేళ్ళు గడిచేసరికి అది సుమారు 68 శాతమైంది. 65 దాటినవాళ్ళలో ఇంకా ఎక్కువ, 79 శాతం. ఎక్కువమంది వచ్చింది నొప్పి వల్లే. కాబట్టి ఆగడం ప్రమాదం కాదు, కానీ చాలామందికి అది వాయిదా మాత్రమే. "నాన్నకి వయసైపోయింది, ఇప్పుడెందుకు" అనే ఇళ్ళలో ఈ లెక్క ఒకసారి చర్చకి రావాలి. 66 ఏళ్ళప్పుడు బాగా నడుస్తూ, షుగర్ అదుపులో ఉన్న మనిషికి చేసే ఆపరేషన్, 78 ఏళ్ళప్పుడు గుండెకి స్టెంటు పడ్డాక చేసే ఆపరేషన్ ఒకటి కావు. మరోపక్క, మంచం దిగి పెద్దగా తిరగని 85 ఏళ్ళ తాతకి నొప్పి లేని చిన్న ఉబ్బు ఉంటే, నేనైతే కదపను.

ఆపరేషన్ వైపు కూడా ఒక ఖర్చుంది, డబ్బు కాకుండా. గజ్జల హెర్నియా ఆపరేషన్ తర్వాత నెలల తరబడి ఉండే నొప్పి పదిమందిలో ఒకరికి పైగా వస్తుందని 2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాలం గడిచేకొద్దీ అది తగ్గుతుంది. రోజువారీ పనులకి అడ్డుపడేంత నొప్పి అంతకంటే చాలా తక్కువ మందికి ఉంటుంది. ముందు నుంచీ నొప్పితో బాధపడేవాళ్ళకి ఇది ఒప్పుకోదగ్గ బేరం. ఏ నొప్పీ లేకుండా, కేవలం రిపోర్టు చూసి భయపడి ఆపరేషన్ చేయించుకున్న మనిషికి తర్వాత నొప్పి మొదలైతే ఆ బాధ వేరు. చేతికి తగిలే ఉబ్బు లేక, స్కాన్‌లో మాత్రమే కనిపించే చిన్న సందులకి తొందరపడొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఇక ఆగకూడని చోట్లు. ఆడవాళ్ళకి గజ్జల్లో, తొడ మొదట్లో ఉబ్బు వస్తే వాయిదా వేయొద్దు. ఆడవాళ్ళలో అక్కడ వచ్చేది ఫెమోరల్ హెర్నియా, అంటే తొడలోకి రక్తనాళాలు వెళ్ళే దారిలోంచి వచ్చేది, అయ్యే అవకాశం మగవాళ్ళకంటే ఎక్కువ. దాని దారి ఇరుకు కాబట్టి పేగు తొందరగా బిగుసుకుపోతుంది. మన అమ్మలు, అత్తమ్మలు ఆ చోటు గురించి సిగ్గుపడి కొడుక్కీ చెప్పరు, మగ డాక్టర్‌కీ చూపించరు. ఇంట్లో కూతురో కోడలో చొరవ తీసుకుని అడగాలి. పసిపిల్లలకి గజ్జల్లో ఉబ్బు వచ్చినా అంతే, ఆలస్యం పనికిరాదు.

పిల్లల బొడ్డు హెర్నియా మాత్రం పూర్తిగా వేరు. నాలుగైదేళ్ళు వచ్చేలోపు చాలావరకు దానంతటదే మూసుకుంటుంది. రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డ కట్టడం వల్ల ఏ లాభమూ లేదు, చర్మం ఒరుసుకుని పుండు పడుతుంది.

పెద్దవాళ్ళ బొడ్డు హెర్నియా మూసుకోదు. చిన్నదై, నొప్పి లేకపోతే గమనిస్తూ ఉండొచ్చు. ఇంకో బిడ్డని కనాలనుకునే స్త్రీకి, పెద్ద ఇబ్బంది లేనప్పుడు, కాన్పులన్నీ అయ్యాక చేయించుకోవడం మేలని సర్జన్లు చెబుతారు. మళ్ళీ పొట్ట సాగితే వేసిన కుట్టు మీద భారం పడుతుంది. కాన్పు తర్వాత పొట్ట మధ్యలో నిలువునా గట్టులా లేస్తే అది హెర్నియా కాకపోవచ్చు. కండరాలు రెండు పక్కలకి జరగడం వల్ల అలా అవుతుంది. అక్కడ రంధ్రం లేదు కాబట్టి పేగు ఇరుక్కునే భయం లేదు. ఈ రెండిటికీ తేడా తెలియక దిగులుపడే తల్లులు చాలామంది ఉన్నారు.

మనిషిని అన్నిటికంటే ఎక్కువ కుంగదీసేది పాత ఆపరేషన్ కుట్ల దగ్గర వచ్చే హెర్నియా. పొట్ట ఒక పక్కకి జారిపోతుంది, నడుము నొప్పి తోడవుతుంది, మనిషి అద్దం చూసుకోవడం మానేస్తాడు. ఇక్కడ ఆపరేషన్ వల్ల కలిగే మేలూ పెద్దదే, ఆపరేషనూ పెద్దదే. తొందర కంటే తయారీ ముఖ్యం. బరువు తగ్గడం, సిగరెట్ కనీసం నెల ముందు మానడం, మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష (HbA1c) విలువని 8 లోపుకి తేవడం. "ముందు బరువు తగ్గి రండి" అని సర్జన్ వెనక్కి పంపితే చిన్నబుచ్చుకోకండి. ఆ మాట చెప్పినవాళ్ళ దగ్గరికే మళ్ళీ వెళ్ళండి.

ఏ రకమైనా సరే, ఉబ్బు ఒక్కసారిగా గట్టిపడి లోపలికి పోకుండా ఉంటే, నొప్పి పెరుగుతూ ఉంటే, దాని మీది చర్మం ఎర్రబడితే, వాంతులు అవుతూ గ్యాస్ కూడా పోకపోతే, అది ఎమర్జెన్సీ. నూనె రాసి తోమకండి, బలవంతంగా నొక్కకండి, ఏమీ తినిపించకండి. 108కి ఫోన్ చేయండి. ఆగి చూద్దామని నిర్ణయించుకున్న ప్రతి ఇంట్లో ఈ లక్షణాలు అందరికీ తెలిసి ఉండాలి. తెలిస్తే మిగతా రోజుల్లో భయం సగానికి తగ్గుతుంది.

ఆగే రోజుల్లో దగ్గు, మలబద్ధకం, ప్రోస్టేట్ వల్ల ముక్కి మూత్రం పోయడం, వీటికి వైద్యం చేయించుకోండి. మెడికల్ షాపులో దొరికే బెల్టు పెట్టుకుంటే కాసేపు హాయిగా ఉండొచ్చు, కానీ అది రంధ్రాన్ని మూయదు. బెల్టు పెట్టుకున్నాం కదా అని ఏళ్ళకేళ్ళు గడిపేయడం కంటే, ఎందుకు పెట్టుకోవలసి వస్తోందో ఎడమ వరుసలో రాసుకోవడం మంచిది.

కోతా, కీహోలా

గజ్జల హెర్నియాకి రెండూ మంచి పద్ధతులే. ఓపెన్ పద్ధతిలో గజ్జ మీద కోత పెట్టి, వలలాంటి మెష్ పరిచి కుడతారు. దీన్ని వెన్నుకి సూదితో, లేదా ఆ చోటికి మాత్రమే మత్తిచ్చి కూడా చేయొచ్చు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవాళ్ళకి ఇది పెద్ద వెసులుబాటు. లాపరోస్కోపీకి, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే కీహోల్ పద్ధతికి, సాధారణంగా పూర్తి మత్తు కావాలి. దానివల్ల మొదటి వారాల్లో నొప్పి తక్కువ, పనికి తొందరగా వెళ్తారు, గజ్జలో తిమ్మిరి తక్కువ. రెండు పక్కలా హెర్నియా ఉన్నా, ఒకసారి ఓపెన్ చేశాక మళ్ళీ వచ్చినా, ఆడవాళ్ళకైనా నేను లాపరోస్కోపీ వైపే మొగ్గుతాను. అయితే ఒక షరతు. ఆ సర్జన్ వారం వారం అదే పని చేసేవారై ఉండాలి. ఓపెన్ బాగా చేసే చేతిని వదులుకుని లాపరోస్కోపీ అప్పుడప్పుడు చేసే చేతి దగ్గరికి వెళ్ళడం దండగ.

రోబోతో చేస్తామని హోర్డింగులు కనిపిస్తున్నాయి. మామూలు గజ్జల హెర్నియాకి అది లాపరోస్కోపీ కంటే మెరుగని తేలలేదు, బిల్లు మాత్రం పెరుగుతుంది. పెద్ద, క్లిష్టమైన పొట్ట హెర్నియాల్లో దాని సంగతి వేరే.

"ఒంట్లో ప్లాస్టిక్ పెడతారట" అని మెష్‌కి భయపడేవాళ్ళున్నారు. మెష్ లేకుండా ఉత్త కుట్లు వేస్తే హెర్నియా మళ్ళీ వచ్చే అవకాశం పెరుగుతుంది. 1 నుంచి 4 సెంటీమీటర్ల బొడ్డు హెర్నియాల మీద 2018లో వచ్చిన పరిశోధనలో, ఉత్త కుట్లు వేసిన వారిలో 12 శాతం మందికి మళ్ళీ వస్తే, మెష్ వేసినవారిలో 4 శాతం మందికే వచ్చింది. మళ్ళీ వచ్చిందని వినడం మొదటిసారి కంటే ఎక్కువగా కుంగదీస్తుంది కాబట్టి, ఈ తేడా చిన్నది కాదు.

మత్తు గురించి దిగులుపడే పెద్దవాళ్ళకి మన హైదరాబాద్ సంగతే చెబుతాను. 1888లోనూ 1889లోనూ నిజాం కాలంలో, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో అప్పటి మత్తుమందు క్లోరోఫామ్ ఎంత సురక్షితమో పరీక్షించిన హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు జరిగాయి. మత్తిచ్చేటప్పుడు ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలన్నది వాళ్ళ పట్టుదల. క్లోరోఫామ్ గుండెని నేరుగా దెబ్బతీయదని వాళ్ళు తేల్చినది మాత్రం తర్వాత నిలబడలేదు. ఇవాళ మత్తు డాక్టర్ ఊపిరి, గుండె, రక్తంలో ఆక్సిజన్ మూడింటినీ ఆపరేషన్ అయ్యేదాకా చూస్తూనే ఉంటారు.

ఆపరేషన్ తర్వాత మనవాళ్ళు నెల రోజులు మంచం మీద పడుకోబెడతారు. గజ్జల హెర్నియాకి ఆ అవసరం లేదు. మూడు నుంచి ఐదు రోజుల విశ్రాంతి చాలని, ఆ తర్వాత ఒంటికి హాయిగా ఉన్నంతవరకు మామూలు పనులు మొదలుపెట్టవచ్చని అదే 2018 మార్గదర్శకాలు చెబుతున్నాయి. బస్తాల పని చేసేవాళ్ళు, పెద్ద పొట్ట హెర్నియా చేయించుకున్నవాళ్ళు మాత్రం తమ సర్జన్ చెప్పిన గడువు పాటించాలి.

ఎక్కడ, ఎవరి ఖర్చుతో

ఉస్మానియాలోనూ గాంధీలోనూ హెర్నియా ఆపరేషన్లు జరుగుతూనే ఉంటాయి. అక్కడి సర్జన్లకి చేతి అలవాటు ఎక్కువ, ఖర్చు తక్కువ. ఓపీ లైను, పరీక్షలకి తిరగడం, తోడుగా మనిషి ఉండటం, వీటికి సిద్ధపడాలి. రోజుకూలీ మీద బతికే ఇంట్లో ఇద్దరి కూలీ పోవడం కూడా ఖర్చే. ఎమర్జెన్సీ కానప్పుడు పండగలు, పిల్లల పరీక్షలు చూసుకుని తేదీ అడగండి.

ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబర్లో 10 లక్షలకి పెంచారు. మీ రకం హెర్నియా ఆ ఆసుపత్రిలో ఆ పథకం కింద చేస్తారా అన్నది చేరకముందే ఆరోగ్యమిత్ర డెస్కులో అడిగి తేల్చుకోండి.

సొంతంగా పాలసీ ఉన్నవాళ్ళు వెయిటింగ్ పీరియడ్ చూసుకోవాలి. ఉదాహరణకి ఆరోగ్య సంజీవని పాలసీలో అన్ని రకాల హెర్నియాలకీ 24 నెలలు ఆగాలి. ఐటీ కంపెనీల గ్రూప్ పాలసీల్లో చాలావాటికి ఈ షరతు ఉండదు. ఉద్యోగం మారబోతూ, ఎడమ వరుస ఇప్పటికే నిండినవాళ్ళు, ఈ విషయం హెచ్‌ఆర్‌ని అడిగాకే రాజీనామా పెట్టండి. స్కాన్‌లో హెర్నియా అని వచ్చాక కొత్త పాలసీ తీసుకుంటే దాన్ని దాచకండి, క్లెయిమ్ సమయంలో అదే అడ్డం పడుతుంది.

ప్రైవేటులో ప్యాకేజీ రేటు చెప్పినప్పుడు మెష్ ధర, దాన్ని బిగించే పిన్నుల ధర, మత్తు డాక్టర్ ఫీజు అందులో కలిశాయో లేదో కాగితం మీద రాయించుకోండి. స్కాన్ చూసిన గంటలోనే "ఈ రోజే అడ్మిట్ అవ్వండి" అంటే, నొప్పీ వాంతులూ లేనప్పుడు, ఇంకో సర్జన్‌కి చూపించే హక్కు, టైమ్ రెండూ మీకున్నాయి.

బాబాయ్ ఓపెన్ పద్ధతిలో చేయించుకున్నారు, వెన్నుకి సూదితో. అక్క ఆరు నెలలకోసారి చూపించుకుంటోంది, కొడుకుని ఎత్తుకుంటోంది. మీరు చేయించుకుంటే, డిశ్చార్జ్ రోజున బిల్లుతో పాటు ఆపరేషన్ నోట్స్ కాపీ అడిగి తీసుకోండి. వేసిన మెష్ కంపెనీ పేరు, సైజు ఉన్న స్టిక్కర్ దాని మీద అంటించమనండి. రేపు ఇంకో కారణంతో పొట్ట తెరవాల్సి వస్తే, ఆ సర్జన్ మొదట అడిగేది ఆ కాగితమే.